రెండో ప్రయోగం మన పిల్లల హక్కు

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ మన ఇళ్లలో ఒక పేరు వినిపిస్తుంది. ‘కలాం గారిలా కావాలి’ అని పిల్లలకు చెబుతాం. ఆయన పటం మన పాఠశాలల గోడల మీద ఉంది, ఆయన పేరు పాలకుల ఉపన్యాసాలలో ఉంది. కానీ ఆయన ఎదుగుదలకు తోడ్పడిన ఒక పరిస్థితిని పాలకులు చెప్పరు, మనమూ అడగము. విఫలమైన తరువాత ఆయనకు రెండో అవకాశం దొరికింది. విశ్వవిద్యాలయంలో చేరి ప్రోగ్రామింగ్‌లో తొలి అడుగులు వేస్తున్న మన పిల్లలకు ఆ అవకాశం దొరకటం లేదు. ఇది హక్కుల ప్రశ్న అని మేము అంటున్నాము.

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 తొలి ప్రయోగం జరిగింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. కౌంట్‌డౌన్ చివరి దశలో కంప్యూటర్ ప్రయోగాన్ని నిలిపివేసిందనీ, నిపుణులతో సంప్రదించి ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లాననీ ఆయనే తరువాత అనేక సభలలో చెప్పారు. రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. ఆనాడు విలేఖరుల ముందు నిలబడి బాధ్యతను తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరినప్పుడు మాత్రం విలేఖరుల ముందుకు కలాంనే పంపారు. ఓటమిని పెద్దలు మోశారు, గెలుపును శిష్యుడికి ఇచ్చారు.

అదే నేల మీద 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వి తొలి ప్రయోగం జరిగింది. దానిలో ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం ఉంది. దేశం నలుమూలల నుంచి దాదాపు 750 మంది బాలికలు, స్పేస్ కిడ్జ్ ఇండియా మార్గదర్శకత్వంలో, దానిలోని పరికరాలను రూపొందించారు. రెండో దశ విడిపోయే క్షణంలో పుట్టిన కంపనాన్ని రాకెట్‌లోని తనిఖీ ప్రోగ్రాం సెన్సార్ల వైఫల్యంగా లెక్కించింది. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యలో చేరవలసిన ఉపగ్రహాలు 356, 76 కిలోమీటర్ల దీర్ఘవృత్తంలో పడి నిలవలేకపోయాయి. ఆ బాలికలను ఎవరూ ఇంటికి పొమ్మనలేదు. ప్రోగ్రాంలోని తర్కాన్ని, దశలు విడిపోయే ఏర్పాటును సవరించారు. ఆరు నెలలకు, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 దాదాపు 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో చేరింది.

కళాశాల విద్యార్థులకూ ఈ దీవి తలుపులు తెరిచింది. 2010 జూలై 12న ఇక్కడి నుంచి వెళ్లిన స్టడ్‌శాట్ బరువు కిలో కంటె తక్కువ. కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన ఏడు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు దానిని నిర్మించారు. చదువు సాగుతుండగానే చేతులతో చేసి నేర్చుకోవచ్చుననటానికి ఇంతకంటె రుజువు అక్కరలేదు.

ప్రోగ్రామర్‌గా ఎదగటానికి మార్గం కూడా ఇదే. రాయాలి, నడపాలి, ఆగిపోయిన చోట ఎందుకు ఆగిందో వెతకాలి, మళ్లీ రాయాలి. తనకంటె అనుభవజ్ఞులు రాసిన కోడ్‌ను చదవాలి, తన కోడ్‌ను వారికి చూపించి లోపాలు చెప్పించుకోవాలి. ప్రోగ్రాంను రికార్డు పుస్తకంలోకి ఎత్తి రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి పట్టా వస్తుంది, పని రాదు. ఇప్పుడు కృత్రిమ మేధ కోడ్ రాసి ఇస్తుంది కదా అంటారు కొందరు. రాసి ఇచ్చినదానిలో తప్పెక్కడుందో పట్టుకోగలిగేది తప్పులు చేసి నేర్చుకున్న వాడే.

‘కంప్యూటర్ మతం అడగదు, ప్రతిభ ఉంటే చాలు’ అని మనకు ఉపదేశించేవారు ఉన్నారు. కంప్యూటర్ మతం అడగదు, నిజమే. దాని ధర మాత్రం తండ్రి సంపాదన అడుగుతుంది. మెకానిక్ కొడుకుకు, బీడీలు చుట్టే తల్లి కూతురికి కళాశాల ల్యాబ్‌లో వారానికి దొరికే కొద్ది గంటలే మొత్తం అభ్యాసం. ఫీజు రీయింబర్స్‌మెంట్ విడత ఆలస్యమైతే ఆ చదువే ప్రశ్నార్థకం. ఒక్క సబ్జెక్టు తప్పితే ‘ఇక చాలు, దుకాణంలో కూర్చో’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. కలిగినవారి పిల్లలు పదిసార్లు తప్పి పదకొండోసారి నేర్చుకుంటారు. మన పిల్లలు ఒక్కసారి తప్పితే చదువుకే దూరమవుతారు. పేరున్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పీజీ స్థాయిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ చెప్పినప్పుడు ఆశ్చర్యపోయినవారు ఈ లెక్కను గమనించలేదు.

ఇక కేంద్ర ప్రభుత్వం ఏమి చేసింది? బాలికల తొలి ఉపగ్రహం విఫలమైన 2022లోనే, నవంబరులో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థుల ఉపకార వేతనాన్ని ఆపింది. డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను రద్దు చేస్తున్నట్టు పార్లమెంటులో ప్రకటించింది. ఇతర పథకాలు ఉన్నాయి కదా అన్నది చెప్పిన కారణం. శ్రీహరికోటలో తప్పును సరిదిద్ది మళ్లీ ప్రయోగించిన ప్రభుత్వం, ఈ పిల్లల విషయంలో ప్రయోగశాలకే తాళం వేసింది. కలాం పేరు తలచుకునే అర్హత ఇటువంటి నిర్ణయాలతో రాదు.

మన ఇంటి లోపలి అన్యాయాన్నీ దాచకూడదు. ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ అన్నది. చెల్లెలికి వంటపని ముగిశాక, అన్న వాడనప్పుడు. సాయంత్రం ల్యాబ్ ఉందంటే ఆమెకే అనుమతి ఉండదు. పెళ్లి పందిళ్లకు లక్షలు దొరికే బస్తీలలో పది కంప్యూటర్ల గది ఎందుకు లేదు?

అందుకే మేము అడుగుతున్నాము. రద్దయిన ఉపకార వేతనాలను, ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి. ఫీజు విడతలు పరీక్షలకు ముందే విడుదల కావాలి. విశ్వవిద్యాలయాలు సాయంత్రాలు, సెలవు దినాలలో ల్యాబ్‌లు తెరవాలి, బాలికల వసతిగృహాలలో వేరుగా ల్యాబ్ ఏర్పాటు చేయాలి. సూళ్లూరుపేట నుంచి మదనపల్లె వరకు ప్రతి మసీదు కమిటీ, ప్రతి అంజుమన్ ఒక గది, కొన్ని యంత్రాలు, వారానికి ఒకసారి కొత్తవారి కోడ్‌ను చదివి తప్పులు చెప్పే సీనియర్ విద్యార్థి ఒకరు ఉండేలా చూడాలి. తల్లిదండ్రులు తప్పిన సబ్జెక్టును చూసి బిడ్డను మాన్పించకుండా మరొక ఏడాది ఇవ్వాలి. ఈ కోర్కెలతో జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి ఈ నెలలోనే వినతిపత్రాలు ఇవ్వండి. ప్రతి ఊరి నుంచి ఇవ్వండి, జవాబు వచ్చేవరకు మళ్లీ మళ్లీ ఇవ్వండి.