అభిమాన కథలలో స్త్రీ పాత్రలు

ఒక మంచి గ్రంథమును చదివి ముగించిన పిమ్మట, ఆ కథ యింకను కొంతదూరము సాగిన బాగుండునని తోచుట చదువరులందరికిని అనుభవమే. అట్టి కోరికచే పరుల గ్రంథములలోని పాత్రలను గైకొని తామే క్రొత్త కథలు వ్రాయువారు నేడు లోకమున లక్షలకొలది గలరు. ఈ కథలను ఫ్యాన్ ఫిక్షన్ అందురు. మనము అభిమాన కథలని చెప్పుకొనవచ్చును. మన విద్యార్థులలోను ఈ యభిరుచి గలవారు పెక్కురున్నారు. ఇట్టి కథలలో స్త్రీలకు తగిన స్థానము నొసగుట యెట్లు? ఒసగుచు, వ్రాతయందలి యానందమును చెరుపుకొనకుండుట యెట్లు? ఈ విషయమున మొదట పొరబడినవాడను నేనే కావున, నా యనుభవమునే ముందుగా మనవి చేయుచున్నాను.

తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె స్టీవెన్సన్ వ్రాసిన 'ట్రెజర్ ఐలండ్'ను చదివి, దానికి తరువాయి కథ వ్రాసి నాకు చూపెను. నండూరి రామమోహనరావుగారు 'కాంచన ద్వీపం' అను పేర తెనిగించిన గ్రంథమే యిది. ఆ బాలిక కథలో ఓడ, తుపాను, కత్తియుద్ధము, ఒంటికాలి సిల్వరు మాయమాటలు అన్నియు నుండెను. చదువుచుండగా నాకు నవ్వాగలేదు. కాని కథ యంతటను స్త్రీ యొక్కతెయు లేదు. "అమ్మాయీ, ఆడపిల్లవై యుండియు ఒక్క స్త్రీనైనను వ్రాయవైతివేమి?" అంటిని. ఆమె తలవంచుకొని వెళ్లి, వారము దినములకు కథను మరల తెచ్చెను. ఇప్పుడు ఓడలో ఒక కన్య యుండెను. ఆమె సుందరి, విదుషి, కత్తిసాములో మేటి. ఎన్నడును తప్పు చేయదు, ఎవ్వరితోను పోట్లాడదు, ఎవ్వరిని నవ్వింపదు. ఆమె నోరు విప్పినప్పుడెల్ల కథ నిలిచిపోవుచుండెను. "ఇది వ్రాయుట నీకు సంతోషముగా నుండెనా?" అని యడిగితిని. "లేదు మాస్టారూ, మీరు వ్రాయుమంటిరి గదా యని వ్రాసితిని" అనెను. ఆ మాట నన్ను చాల దినములు బాధించినది.

లోపము ఆ బాలికది కాదు. 1883లో గ్రంథరూపమున వెలువడిన యా కథను స్టీవెన్సన్ తన భార్యకు పూర్వవివాహమున గలిగిన కుమారుని వినోదమునకై వ్రాయ నారంభించెను. అందు స్త్రీలు వలదని నిశ్చయించుకొన్న సంగతి ఆయనయే తరువాత చెప్పియున్నాడు. కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును గూర్చి 56 చిన్న కథలును, 4 నవలలును వ్రాసెను. కాని ఆ హోమ్సునే యోడించిన ఐరీన్ ఆడ్లరు కథలో నడచుచు మాటలాడుట 1891 నాటి యొక్క కథయందే. ఇట్టి గ్రంథములను ప్రేమించి చదివిన బాలబాలికలు, తామును అట్టివే వ్రాయుటలో వింతయేమున్నది?

బలవంతముగా చేర్చిన నాయిక యొక్క దుర్గతియు క్రొత్తది కాదు. 1973లో అమెరికాలో పౌలా స్మిత్ అను నామె, 'స్టార్ ట్రెక్' అభిమానుల కథలను పరిహసించుచు మేరీ స్యూ అను పాత్రను కల్పించెను. పదునైదున్నర యేండ్లకే ఆమె సకలకళాప్రవీణ. ఆమెను మెచ్చనివారు లేరు. నాటినుండి లోపమెరుగని నాయికలకెల్ల ఆ పేరు వాడుకైనది. పరిహాసము సరసమే గాని, దానికి వెరచి స్త్రీ పాత్రలను వ్రాయుటయే మానుకొన్న రచయిత్రులును గలరు. బాలుర యసాధ్య సాహసములను వీరత్వమని మెచ్చుకొను మనము, బాలికల సాహసములను మాత్రము ఎగతాళి చేయుట న్యాయము కాదు.

మరి మార్గమేమి? నేను ఆ గ్రంథమునే మరల తెరచితిని. అందు జిమ్ము తల్లి గలదు. దొంగలు వచ్చుచున్నారని తెలిసియు గ్రామస్థులు తోడు రానప్పుడు, తండ్రి లేని బిడ్డకు రావలసిన సొమ్మును వదలనని ఆమె కొడుకుతో సత్రమునకు మరలి వచ్చును. చచ్చిన నావికుని పెట్టె తెరచి, తనకు రావలసిన దానికంటె ఒక్క కాసైనను ఎక్కువ ముట్టక, ఒక్కొక్క నాణెమును లెక్కించును. గ్రుడ్డివాని కర్రచప్పుడు వినబడుచుండినను ఆమె పట్టు విడువదు. ఆ రాత్రి ఆమె మొండితనము లేకున్న జిమ్ము చేతికి ద్వీపపు పటము చిక్కెడిదే కాదు, కథయే లేకపోయెడిది. అయినను ఓడ బయలుదేరిన పిమ్మట ఆమె మనకు మరల కనబడదు.

ఈ సంగతి చెప్పి, "ఇష్టమున్న వ్రాయుము, లేకున్న మానుము" అంటిని. ఆ బాలిక కన్నులు మెరసినవి. ఓడ సముద్రముపై నుండగా, తప్పించుకొన్న బ్లాక్ డాగ్ సత్రమునకు వచ్చి బస యడుగుటయు, జిమ్ము తల్లి ముందు బాకీ లెక్క తేల్చుమని కూర్చుండుటయు వ్రాసి తెచ్చెను. తానే బిగ్గరగా చదివి, తానే నవ్వెను.

మన నాట ఈ పని పేరు లేకయే జరిగినది. రామాయణమున ఊర్మిళను గూర్చి చెప్పబడినది స్వల్పము. తెలుగు స్త్రీలు తమ 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో ఆమెను పదునాలుగేండ్లు నిద్రింపజేసి, తిరిగి వచ్చిన లక్ష్మణుని పరపురుషుడని భ్రమించి మందలింపజేసిరి. మన కాలమున ఓల్గాగారి 'విముక్త' కథలలో సీత శూర్పణఖను, అహల్యను కలిసికొనును. ఆ గ్రంథమునకు 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది.

ప్రతి కథయందును స్త్రీ యుండవలెనని నా వాదము కాదు. హాజరుపట్టీవలె పాత్రలను లెక్కించినచో కథ చచ్చును. కాని వ్రాసిన పది కథలలోను ఒక్కతెయు లేనిచో, "నా యిష్టము" అను సమాధానము చాలదు. ఆ యిష్టము ఎవరు నేర్పినదో విచారింపవలెను. స్త్రీ పాత్రను వ్రాయునప్పుడు ఆమెకొక కోరికను, ఒక లోపమును, ఒక మొండిపట్టును ఇయ్యుడు. అప్పుడామె కథకు బరువు గాక బలమగును. తలిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును నా విన్నపమొక్కటే: బిడ్డ వ్రాసిన కథను దిద్దుటకు ముందు, దానిని వ్రాయుచు ఆ బిడ్డ యెచ్చట నవ్వెనో అడిగి తెలిసికొనుడు. నేను ఆ ప్రశ్నను ఆలస్యముగా నడిగితిని.