చైన్‌ బిగించారు సరే... చక్రం తిన్నగా ఉందా?

వానాకాలం ఆదిలాబాద్‌ వైపు నల్లరేగడి చేల బాటల్లో బండి నడిపేవారికి ఆ చప్పుడు కొత్త కాదు. చైన్‌ ఊగుతూ కవర్‌కు తగిలి టకటకమంటుంది. గోదావరిఖని, మంచిర్యాల దారుల్లో అయితే మట్టికి బొగ్గు దుమ్ము తోడు. ఈ రెండూ నూనెలో కలిసి చైన్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి. అరిగిన చైన్‌ సాగి వదులవుతుంది.

వదులైందని చాలామంది గట్టిగా లాగి బిగించేస్తారు. అదే పొరపాటు. కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే చాలా బండ్లలో చైన్‌ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. కచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనక ఇల్లాలు, పిల్లలు, ఎరువు బస్తా ఎక్కితే బండి కిందికి దిగి చైన్‌ ఇంకా బిగుస్తుంది. ముందే బిగుతుగా ఉంటే ఆ ఒత్తిడంతా గేర్‌బాక్స్‌, చక్రం బేరింగుల మీద పడుతుంది. మరీ వదులైతే పళ్ల మీంచి జారి చక్రాన్నే పట్టేయవచ్చు. నిర్మల్‌ ఘాట్‌ దిగుతుండగా అలా జరిగితే ఇంటిల్లిపాదికీ ప్రమాదమే.

బిగించడం కష్టమేమీ కాదు. ఇంజన్‌ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, సెంటర్‌ స్టాండ్‌ వేయండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కువ బిగుతుగా ఉన్నచోట కొలవండి. ఇరుసు నట్టు వదులు చేయండి. కొన్ని బండ్లలో స్లీవ్‌ నట్టూ ఉంటుంది. తర్వాత రెండువైపులా అడ్జస్టర్‌ నట్లను కొంచెం కొంచెంగా, సమానంగా తిప్పండి. ఒకవైపే తిప్పితే చక్రం వంకరపోతుంది. బండి పక్కకు లాగుతుంది, చైన్‌, పళ్లచక్రాలు ఒరుసుకుని త్వరగా అరుగుతాయి.

చక్రం తిన్నగా ఉందో లేదో తెలియడానికి అక్కడే గీతలుంటాయి. రెండువైపులా ఒకే గీత దగ్గర ఆగాలి. అనుమానముంటే వెనక టైరుకు ఇరువైపులా దారం ఆనించి ముందుకు లాగండి. హ్యాండిల్‌ తిన్నగా ఉన్నప్పుడు ముందు టైరుకు రెండు దారాలూ సమాన దూరంలో ఉండాలి.

నట్లన్నీ బిగించాక చైన్‌ ఆటను మళ్లీ కొలవండి. చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేకు పెడల్‌నూ సరిచూడండి. పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు. చైన్‌, రెండు పళ్లచక్రాలు కలిపి సెట్టుగా మార్చాల్సిందే.

ఒక్క హెచ్చరిక. తుడిచేటప్పుడైనా, నూనె వేసేటప్పుడైనా చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజన్‌ నడుస్తుండగా గుడ్డ చిక్కుకుంటే వేళ్లూ దాని వెంటే పోతాయి.