గంజాయి అమ్మే చోటు మూతపడాలి

సంపాదకులకు,



గంజాయి కేసుల వార్తల్లో ఎన్ని కిలోలు పట్టుకున్నారో, ఎందరిని అరెస్టు చేశారో ఉంటుంది. ఏ సందులో అమ్మకం ఆగిందో మాత్రం ఉండదు. పోలీసుల పనిని కొలవాల్సింది ఆ లెక్కతోనే. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ కింద విశాఖ మన్యంలో 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. మరుసటి ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. చిన్న పనేం కాదు. అయినా ఒడిశా కొండల నుంచి సరుకు వస్తూనే ఉంది. పాతపట్నం, ఇచ్ఛాపురం దారులు రెండూ మన శ్రీకాకుళం జిల్లాలోవే. కొనేవాడికి సరుకు దొరికే చోటు ఉన్నన్నాళ్లూ మోసుకొచ్చేవాడు పుట్టుకొస్తూనే ఉంటాడు.

ఆ చోట్లు స్థానికులకు తెలియనివి కావు. వీధిదీపం వెలగని మలుపు, పాడుబడ్డ గోదాము, సిగరెట్లతో పాటు చుట్టుకునే కాగితాలూ అమ్మే బడ్డీ. అక్కడ దాడి చేస్తే దొరికేది జేబులో నాలుగు పొట్లాలున్న కుర్రాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కిలో వరకూ గంజాయి చిన్న పరిమాణమే, జైలుశిక్ష ఏడాదికి మించదు. పొట్లాలు అమ్మేవాడు కిలో దగ్గర పెట్టుకోడు. వాడు లోపలికెళ్తే ఆ మలుపులో ఇంకొకడు నిలబడతాడు. అందుకే ఒక్కరోజు దాడి కన్నా రోజూ తిరిగే బీటు మేలు. మున్సిపాలిటీ చేత దీపం వేయించాలి. సరుకు ఇచ్చేవాడి దాకా ఆధారాలు కూడగట్టి కేసు వాడి మీద బలంగా పెట్టాలి. అమెరికాలోని హై పాయింట్ పోలీసులు 2004లో హింసకు పాల్పడే మత్తుమందు అమ్మకందార్లను జైలుకు పంపి, మిగిలినవారిని ఇంటివాళ్లతో సహా పిలిపించి, సిద్ధంగా ఉన్న ఆధారాలు చూపి, మానుకుంటే కేసు ఉండదన్నారు. అక్కడి ఒక పేటలో బహిరంగ అమ్మకం ఆగిపోయింది.

ఇలా అవకాశమివ్వడం నేరగాళ్లను బుజ్జగించడమే అనేవారుంటారు. కేసు సిద్ధంగా ఉంచుకుని చెప్పే మాట బుజ్జగింపు కాదు, గడువు. ఇలాంటి అవకాశం మన చట్టానికీ కొత్త కాదు: వాడకానికి బానిసై స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చేవారికి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షనే కేసు నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ మూయిస్తే పక్క వీధికి పోతారన్నది మరో అభ్యంతరం. కొందరు పోతారు. కానీ అమెరికాలోనే జెర్సీ సిటీలో పరిశోధకులు ప్రత్యేకంగా ఈ విషయాన్నే పరిశీలిస్తే, నేరం పక్క వీధులకు తరలిపోలేదు సరికదా అక్కడా కొంత తగ్గింది. అలవాటైన చోటు, తెలిసిన ముఖాలు లేకుండా ఈ బేరం సులువుగా సాగదు.

మాదకద్రవ్యాల అడ్డుకట్టకు రాష్ట్రంలో 2024 నవంబరులో ఏర్పడిన ‘ఈగల్’ పోలీసు విభాగానికి ఫిర్యాదుల కోసం 1972 ఫోన్ నంబరు ఉంది. ఫిర్యాదు అందిన ప్రతి చోటునూ మూడు నెలల తర్వాత మళ్లీ చూసి, అమ్మకం ఆగిందో లేదో ఫిర్యాదుదారుల పేర్లు బయటపెట్టకుండా జిల్లా పోలీసులు ప్రకటించాలి. కిలోల లెక్క ఆ తర్వాత చెప్పినా ఫర్వాలేదు.

ఇట్లు
ఒక పాఠకుడు,
శ్రీముఖలింగం, శ్రీకాకుళం జిల్లా