ఓపెన్‌సోర్స్ మాన్యువల్ రాస్తున్నారా? ముందు బయటికొచ్చే దారి చూసుకోండి

స్కూలు పాఠాల ‘దీక్ష’ యాప్ వెనకున్నది సన్‌బర్డ్ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్‌సోర్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది సరే. ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేకపోతే సామాన్యుడికి అది తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

ఆ పుస్తకాన్ని పదిమంది కలిసి రాయాలి. మరి ఏ టూల్‌లో?

ముందుగా చూడాల్సింది ఫీచర్లు కాదు, మీ రాత ఏ రూపంలో నిల్వ ఉంటుందన్నది. గిట్‌బుక్ సంగతే చూడండి. 2014లో ఓపెన్‌సోర్స్ టూల్‌గా వచ్చింది. తర్వాత కంపెనీ తన ఆన్‌లైన్ సర్వీసు మీదే దృష్టి పెట్టి, పాత కమాండ్‌లైన్ టూల్‌ను పక్కన పెట్టేసింది. అయినా దాన్ని నమ్ముకున్నవాళ్లు మునిగిపోలేదు. వాళ్ల అధ్యాయాలన్నీ మామూలు మార్క్‌డౌన్ ఫైళ్లు కావడంతో, ఆ పాత కోడ్ నుంచే పుట్టిన హాన్‌కిట్‌కి మారే వీలు దొరికింది. రాతంతా ఒక కంపెనీ డేటాబేస్‌లో ఉండి, ఎగుమతి సరిగా లేకపోతే ఇంత తేలిగ్గా బయటపడలేరు.

రెండోది, రాసేవాళ్లెవరు? అందరూ ప్రోగ్రామర్లే అయితే స్ఫింక్స్ మంచిది. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం పుట్టిన టూల్ అది. అనువాదాలకు విడిగా ఫైళ్లు ఇస్తుంది, వెబ్‌లేట్‌లో పెట్టుకుని తెలుగులోకి మార్చుకోవచ్చు. మీ బృందంలో టీచర్లు, మీసేవ ఆపరేటర్లు ఉంటే మాత్రం గిట్ నేర్చుకోమనకండి. రెండో రోజే మానేస్తారు. వాళ్లకు బ్రౌజర్‌లోనే దిద్దుకునే వికీబుక్స్ లాంటివే నయం.

ఇక తెలుగులో రాసేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది: పీడీఎఫ్. స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించిన ఒత్తులు పీడీఎఫ్‌లో విడిపోయి చెల్లాచెదురవుతాయి. స్ఫింక్స్‌లో మామూలుగా ఉండే పీడీఎఫ్ ఇంజిన్ తెలుగుకు పనికిరాదు. సెట్టింగ్స్‌లో జీలాటెక్‌కి మార్చి, తెలుగు ఫాంట్ పేరు ఇవ్వాలి. ఏ టూల్ ఎంచుకున్నా మొదటి రోజే ‘సంక్షేమం, స్త్రీ, ఆర్ద్రత’ అని టైప్ చేసి పీడీఎఫ్ తీసి చూడండి. రెండొందల పేజీలయ్యాక చూసుకుంటే ఏడుపే.