బాక్సు మోసేది మనం, మండీ ఎవరిది?

ఊరి పేరే అంగళ్లు. మరి ఆ ఊరి టమోటా మండీలో మన మాలపల్లె, మాదిగపల్లె వాళ్ళకు ఎన్ని అంగళ్లు ఉండాయి?

పండించడం, సరుకు తయారుచేయడం, వ్యాపారం-రవాణా: ఆర్థిక కార్యకలాపాలు మూడు రకాలని మన పిల్లల బడి పుస్తకం చెప్తుంది. దేశం ఎదిగేకొద్దీ జనం మొదటి దాన్ని వదిలి తక్కిన రెంటికీ పోతారంట. పోయిందెవరు? నారు నాటేది, కట్టెలు పాతేది, కాయ కోసేది, బాక్సు మోసేది మనం. వేలం, కమీషను, లారీ ఇంకొకరివి. మనకు దక్కిన మూడో రకం ఏమంటే, కుప్పంలో తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు కూలికి పోవడం!

2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో 190 రూపాయలు దాటింది. కోత కూలి కూడా అట్లే ఎగిరిందా? ధర పడి కాయ రోడ్డున పారబోసిన నాడు మాత్రం మనల్ని పనికి పిలిచే దిక్కుండదు.

2023-24 లెక్కల్లో దేశంలో పనిచేసేవాళ్ళలో 46 శాతం సేద్యంలోనే ఉండారు. దేశ ఆదాయంలో సేద్యం వాటా 18 శాతం దరిదాపు. నేల మీద ఎక్కువైన జనానికి పరిశ్రమల్లో పని చూపాలని బాబాసాహెబ్ 1918లోనే రాసినారు. 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' పత్రంలో, భూమి ప్రభుత్వపరం చేసి కులం చూడకుండా ఊరివాళ్ళకు సేద్యానికి ఇవ్వాలన్నారు. ఏ ప్రభుత్వమూ ఆ పని చేయలేదు.

మీ పల్లెలో కోత కూలి ఎంత, ఆ రోజు మండీ ధర ఎంత, రెండూ ఒకే కాగితం మీద రాసి మాకు పంపండి.