గండిపేట గీత దాటితే...

హుస్సేనీ ఆలం కబూతర్‌ఖానా దగ్గర బయల్దేరి పురానాపూల్‌ వైపు నడిస్తే మూసీ ఎంతో దూరం కాదు. ఏడాదిలో చాలా రోజులు ఆ నదిని ఎవరూ పట్టించుకోరు. ముక్కు మూసుకుని వంతెన దాటేస్తారు. వానలు గట్టిపడితే మాత్రం చాయ్‌ హోటళ్లలో ఒకటే మాట... 'గండిపేట నిండిందా?'

జవాబు వానాకాలమంతా పేపర్లో ఉంటూనే ఉంటుంది. పూర్తిస్థాయి నీటిమట్టం 1,790 అడుగులు, ప్రస్తుతం ఇంత అని. చదివి పక్కన పడేస్తారు. ఒక్క రోజు అంకెతో ఏం తెలుస్తుంది? అవే అంకెల్ని నెల రోజులు ఎక్సెల్‌లో పేర్చి చూస్తే అప్పుడు తెలుస్తుంది.

హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీలో చదివే ఓ అమ్మాయికి ఇదే ప్రాజెక్టు ఇచ్చారనుకోండి. మొదటి కాలమ్‌లో తేదీ, రెండోదాన్లో నీటిమట్టం వేస్తుంది. మూడోదాన్లో పైనుంచి కిందిదాకా 1790. మొదటి సెల్‌లో కొట్టి, మూల పట్టుకుని కిందికి లాగితే చాలు. అంతా సెలెక్ట్‌ చేసి లైన్‌ గ్రాఫ్‌ అడిగితే వంకర్లు తిరిగే గీత ఒకటి, దానిపైన తిన్నగా అడ్డగీత ఒకటి వచ్చేస్తాయి. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. చిక్కల్లా సెల్‌లో '1786 అడుగులు' అని రాస్తేనే. అక్షరాలు కలిశాయంటే ఎక్సెల్‌ దాన్ని అంకెగా ఒప్పుకోదు, గ్రాఫ్‌లో సున్నా చూపిస్తుంది. గండిపేట రాత్రికి రాత్రే ఎండిపోతుందన్నమాట! వివరం దొరకని రోజు సున్నా వేసినా అంతే. ఆ సెల్‌ ఖాళీగా వదిలేయడమే మేలు.

ఇంతకీ ఆ అడ్డగీత ఎక్కడిది? 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీటిని ఎగువనే ఆపాలన్నది ఆయన సలహా. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌, అదే మన గండిపేట, 1927లో ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్‌ వచ్చాయి. హిమాయత్‌సాగర్‌ గీత 1,763.5 అడుగుల దగ్గరుంటుంది. రెంటినీ ఒకే గ్రాఫ్‌లో ఇరికిస్తే మధ్యలో 26 అడుగుల ఖాళీ వచ్చి కదలికలు అణగారిపోతాయి. వేర్వేరుగా గీయాల్సిందే.

మరి కింది గీత? అందుకు నాగార్జునసాగర్‌ దాకా వెళ్లాలి. నగరానికి కృష్ణా నీళ్లు వచ్చేది అక్కణ్నుంచే, అక్కంపల్లి మీదుగా. పై గీత 590 అడుగులు, కిందిది 510. 2016 వేసవిలో మట్టం ఆ కింది గీతకూ దిగువకు జారింది. అలాంటప్పుడు అత్యవసర పంపులు పెట్టి నీళ్లు తోడాలి. పై గీత దాటితే గుమ్మంలోకి నీళ్లు, కింది గీత దాటితే కుళాయికి కరవు!

ఫ్యాక్టరీల్లోనూ ఇలాంటి రెండు గీతల చార్టులు వాడతారు. 1924లో అమెరికాలో వాల్టర్‌ షూహార్ట్‌ అనే ఆయన మొదలుపెట్టాడు. అయితే అక్కడ గీతలు యంత్రం పనితీరు సగటును బట్టి పుడతాయి. జలాశయానికి ఆ లెక్క కుదరదు. ఎండల్లో తగ్గడం, వానల్లో పెరగడం దాని స్వభావం. దాని గీతల్ని నిర్ణయించేది కట్ట ఎత్తు, తూముల లోతు.

అందుకే గీతను తాకిందా లేదా అన్నదొక్కటే చూస్తే ఆలస్యమైపోతుంది. నాలుగో కాలమ్‌లో ఇవాళ్టి మట్టంలోంచి నిన్నటిది తీసేయాలి. గీతకు ఇంకా మూడు అడుగులుండి, రోజుకు అరడుగు పెరుగుతుంటే ఆరు రోజుల గడువు. అదే అడుగు చొప్పున పెరిగితే మూడే రోజులు. ఎగువన కుండపోత కురిస్తే ఆ మూడు రోజులు ఒక్క రాత్రి కావచ్చు. పైగా గేట్లెత్తేవాళ్లు నీళ్లు గీతను తాకేదాకా ఆగరు, వచ్చే వరదను చూసి ముందే ఎత్తుతారు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తాక మూసీ పొంగి ఇమ్లీబన్‌ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చేశాయి.

కాబట్టి ఆ అమ్మాయి తన గ్రాఫ్‌లో ఇంకో గీత గీసుకోవాలి. 1790కి రెండు మూడు అడుగుల కిందగా, ఎర్రరంగులో. మట్టం దాన్ని తాకిన రోజున ఏటి ఒడ్డున ఉండే చుట్టాలకు ఫోన్‌ చేసి, బియ్యం డబ్బా, రేషన్‌కార్డు అటక మీదికి ఎక్కించమని చెప్పాలి.