ఉచిత కరెంటుతో పాటు ఎర్తు కూడా ఇవ్వాలి

సేద్యంలో చావు అనగానే అప్పు, పురుగుమందు, ఉరితాడు గుర్తొస్తాయి. స్టార్టరు పెట్టె దగ్గర జరిగే చావు ఎవరి లెక్కలోనూ ఉండదు. పొద్దున నీళ్లు కట్టడానికి పోయిన రైతు మధ్యాహ్నానికి ఇంటికి రాడు. పేపర్లో ఓ మూల నాలుగు లైన్ల వార్త వస్తుంది. 'ప్రమాదవశాత్తు కరెంటు షాకు' అని రాసి మూసేస్తారు. ఏ తీగ తెగింది, పెట్టెకు ఎర్తు ఉందా, ఫ్యూజు ఎందుకు కాలలేదు అని అడిగే నాథుడు లేడు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో కరెంటు షాకుతో పోయినవాళ్లు 12 వేల పైమాటే. ఇన్ని ప్రాణాలు పోతుంటే దీన్ని తలరాత అనడాన్ని మేం ఒప్పుకోం. మోటారు దించే పద్ధతిలో, కనెక్షన్ ఇచ్చే పద్ధతిలో ఉన్న లోపాలే మనుషుల్ని చంపుతున్నాయి. లోపాన్ని సరిచేయవచ్చు.

బోరు మీదే బతుకు

తిరుపతి, చిత్తూరు జిల్లాల పడమటి మండలాలకు ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువులు ఎండాయి, బావులు అడుగంటాయి. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు టమోటా అయినా, మల్బరీ అయినా, బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి అయినా, పాడిపశువుకు పచ్చిగడ్డి అయినా బోరు నీళ్లే ఆధారం. వెయ్యి అడుగులు దాటి వేసిన బోర్లు ఇక్కడ వింత కాదు. లోతు పెరిగే కొద్దీ మోటారు హెచ్‌పీ పెరుగుతుంది, కేబులు పొడవు పెరుగుతుంది, అతుకులు పెరుగుతాయి. నీళ్లు తగ్గితే మోటారు ఎత్తాలి, ఇంకో రెండు పైపులు కలిపి మళ్లీ దించాలి. వేసవిలో ఒకే బోరుకు ఇది రెండు మూడు సార్లు జరుగుతుంది. జరిగిన ప్రతిసారీ మెకానిక్కు, ఇద్దరు కూలీలు, రైతు చావుకు దగ్గరగా నిలబడతారు.

ఉచిత విద్యుత్తు కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తూటాలకు ముగ్గురు నేలకొరిగిన కరెంటు ఉద్యమం దాని వెనక ఉంది. 2004 మేలో తొలి సంతకంతో అది అమలుకొచ్చింది. పగటిపూట కరెంటు కావాలని మళ్లీ పోరాడాల్సి వచ్చింది. అయితే కరెంటు ఎన్ని గంటలు అన్న దాని మీద జరిగినంత చర్చ, ఆ కరెంటు పొలానికి ఎంత భద్రంగా వస్తోంది అన్న దాని మీద జరగలేదు. ఆ లోటులో మన సంఘాలకూ వాటా ఉంది.

చావు ఎలా వస్తోంది

మా కార్యకర్తలు ఏ మండలంలో తిరిగినా కనిపించే దృశ్యం ఒకటే. రాతి కూసానికో, వేపచెట్టుకో కట్టిన తుప్పుపట్టిన ఇనుప పెట్టె. మూత ఊడిపోయి ఉంటుంది. ఫ్యూజు స్థానంలో పోగులు పోగులుగా రాగి తీగ. ఎర్తు తీగ ఉండదు, ఉన్నా నేలలోకి పోదు. త్రీఫేజులో ఒక ఫేజుకూ నేలకూ మధ్య దాదాపు 240 వోల్టులు ఉంటుంది. పెట్టె లోపల తీగ తొడుగు ఊడి ఇనుముకు తగిలితే పెట్టె మొత్తం కరెంటే. ఎర్తు సరిగా ఉంటే ఆ కరెంటు నేలలోకి దూకి ఫ్యూజు కాలుతుంది. ఎర్తు లేకపోతే, మడవ కట్టి తడిచేతులతో, వట్టికాళ్లతో వచ్చి స్విచ్చి నొక్కిన మనిషే ఎర్తు అవుతాడు.

రెండోది ఆటో స్టార్టరు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆటోలో పెట్టి ఇంటికి పోతున్నాం. అది సౌకర్యమే. కానీ కరెంటు లేదు కదా అని పెట్టె విప్పి తీగలు బిగిస్తున్నప్పుడు సరఫరా వస్తే? సెల్‌ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్లు వచ్చాక ఇంటి దగ్గర కొడుకు ఫోన్ నొక్కితే పొలంలో తండ్రి చేతిలో మోటారు మొదలయ్యే ప్రమాదం కూడా తోడైంది.

మూడోది పైపులు. ఇరవై అడుగుల ఇనుప పైపును మూడుకాళ్ల స్టాండు మీద నిలువుగా లేపితే అది పైన పోయే 11 కేవీ లైనును అందుకోవడానికి క్షణం చాలు. లైను కింద బోరు వేయడం, బోరు మీదుగా లైను లాగడం రెండూ జరుగుతున్నాయి.

నాలుగోది అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడనిది. షెడ్డులో బల్బు కోసం ఒక ఫేజు తీగ తీసుకుని, రెండో తీగను బోరు కేసింగుకు కట్టేస్తారు. బల్బు వెలుగుతుంది. ఆ తీగ ఎక్కడైనా ఊడిందంటే బల్బు గుండా వచ్చిన కరెంటు ఊడిన కొస మీద నిలిచి ఉంటుంది. దాన్ని పట్టుకున్నవాడి గతి అంతే.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాం. ఆయనకు ఎన్నో ఊళ్లు. పంట వాడుతుంటే ఆగలేక రైతే ఏబీ స్విచ్చి లాగి దిమ్మె ఎక్కుతాడు. ఆ స్విచ్చి మూడు కత్తుల్లో ఒకటి సరిగా విడివడకపోతే ఒక ఫేజు బతికే ఉంటుంది. 2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నారు. వాళ్లకు కూడా సరైన శిక్షణ, చేతి తొడుగులు, ఎర్తు రాడ్లు ఇవ్వకుండా స్తంభం ఎక్కిస్తే చనిపోయేది మన ఊరి బిడ్డలే.

బాధ్యత ఎవరిది?

అధికారులను అడిగితే 'మీటరింగ్ పాయింటు వరకే మాది, తర్వాత రైతుదే' అంటారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు ఇంత తేలిగ్గా వదల్లేదు. సరఫరా మొదలయ్యే చోట వినియోగదారుడికి అందేలా ఎర్తు టెర్మినల్ ఇచ్చి, దాన్ని నిర్వహించాల్సింది సరఫరా చేసేవాళ్లే. 250 వోల్టులు దాటిన కనెక్షన్లకు వినియోగదారుడు దానికి అదనంగా సొంత ఎర్తు పెట్టుకోవాలి. అంటే ఇద్దరి బాధ్యతా ఉంది. త్రీఫేజు మోటార్లన్నీ ఇందులోకే వస్తాయి. మన పొలాల్లో సంస్థ ఇచ్చిన ఎర్తు టెర్మినల్ ఎన్ని చోట్ల ఉందో ప్రతి సభ్యుడూ తన బోరు దగ్గరకు పోయి చూసుకోవాలి.

తెగిపడిన తీగల విషయంలో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. మధ్యప్రదేశ్‌లో రాత్రి సైకిలు మీద పోతున్న మనిషి రోడ్డు మీద పడి ఉన్న కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కరెంటు లాగారు, తప్పు మాది కాదని బోర్డు వాదించింది. ప్రాణాంతకమైన సరఫరా నడిపేవాళ్లు నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా పరిహారం ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టం జరిగిన ప్రమాదాన్ని తెలియజేయాలి, విచారణ జరిపించవచ్చు. అందువల్ల ప్రమాదం జరిగితే పెట్టె, తీగలు కదిలించకముందే ఫోటోలు తీయండి. పోలీసు ఫిర్యాదు, పోస్టుమార్టం, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక ఈ మూడూ లేకుండా పరిహారం ఫైలు కదలదు. ఊరి పెద్దలు 'ఎందుకులే గొడవ' అన్నా ఒప్పుకోవద్దు.

2020లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెడతామన్నప్పుడు చెప్పిన కారణాల్లో రైతు ప్రాణరక్షణ కూడా ఒకటి. మీటరు యూనిట్లు లెక్కపెడుతుంది, షాకును ఆపదు. ఆపేవి ఎర్తు, సరైన ఫ్యూజు లేదా బ్రేకరు, లీకేజీ వస్తే సరఫరా తెంచే పరికరం. వాటికి మీటరుతో పని లేదు. రక్షణ పరికరాలను మీటరుకు ముడిపెట్టకుండా ఇవ్వవచ్చు, ఇవ్వాలి.

సంపుల్లో మరో ముప్పు

డ్రిప్పుకు కట్టుకున్న సంపులు, డెయిరీ షెడ్ల పేడనీళ్ల గుంతలు, కోళ్ల ఫారాల మురుగు ట్యాంకులు పెరిగాయి. వాటిలో వేసే మునిగే పంపు మొరాయించగానే మనిషి దిగుతున్నాడు. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో ఒక కోళ్ల హేచరీ మురుగు ట్యాంకులో విషవాయువుకు ఏడుగురు కూలీలు చనిపోయారు. ఇలాంటి చోట మొదట దిగినవాడు పడిపోతే, కాపాడబోయి దిగినవాళ్లు కూడా పడిపోతారు. కుళ్లిన పేడ, మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కుకు వాసన కూడా తెలియదు. కాబట్టి పంపును గుంతలో దించేటప్పుడే గట్టి తాడు కట్టి, దాని కొస పైన కట్టి ఉంచాలి. పంపును కేబులు పట్టి లాగకూడదు. పంపు ఎత్తాలన్నా, చెత్త తీయాలన్నా కరెంటు తీసి పైనుంచే చేయాలి. మురుగు గుంతలో మనిషి దిగే పనే పెట్టుకోకూడదు.

మనం ఇప్పుడే చేయగలిగినవి

ప్రభుత్వం కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం.

ఎర్తు గుంత: ఎనిమిది అడుగుల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పాతాలి. స్టార్టరు పెట్టెకు మందపాటి జీఐ తీగతో గట్టిగా బిగించాలి. ఎండాకాలంలో గుంతకు నీళ్లు పోయాలి. ఎండిన ఎర్తు పనిచేయదు.

కేబులు: అతుకు వేశాక దాన్ని బకెట్ నీళ్లలో ముంచి మెగ్గర్‌తో చూడమని మెకానిక్కును అడగండి. దించేటప్పుడు పది అడుగులకు ఒకసారి పైపుకు కట్టాలి, కేసింగు అంచుకు రాసుకోనివ్వకూడదు. దించాక మళ్లీ మెగ్గర్ పెట్టాలి.

పెట్టె ముట్టుకునే ముందు: ఆఫ్ బటన్ చాలదు. ఆటో తీసేసి, మెయిన్ దించి, ఫ్యూజు క్యారియర్లు ఊడదీసి జేబులో పెట్టుకోండి. టెస్టరుతో మూడు ఫేజులూ చూసుకోండి. చెప్పులు, ఎండిన చెక్క తప్పనిసరి.

పైపులు ఎత్తే రోజు: పైన లైను ఉంటే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టండి. ఒక్కరోజు ఆలస్యమైతే ఒక తడి పోతుంది, అంతే.

షాకు కొట్టినప్పుడు: మనిషిని ముట్టుకోకుండా ముందు సరఫరా తెంచాలి.

మా డిమాండ్లు

తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థను మేం అడుగుతున్నవి ఇవి. ప్రతి వ్యవసాయ కనెక్షన్‌కూ ఎర్తు టెర్మినల్, లీకేజీ రక్షణ పరికరం సంస్థ ఖర్చుతో పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్లకు కంచె, పనిచేసే ఏబీ స్విచ్చి ఉండాలి. బోర్ల మీదుగా పోయే, వేలాడే లైన్లను గుర్తించి మార్చాలి. లైన్‌మన్ పోస్టులు భర్తీ చేయాలి. మోటారు మెకానిక్కులకు మండల స్థాయిలో శిక్షణ, మెగ్గర్ ఇవ్వాలి. ప్రతి మరణం మీద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక కాపీని కుటుంబానికి అందించాలి.

గ్రామ శాఖలు ఈ నెలలోనే తమ ఊరి బోర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చూసి, ఎర్తు లేనివాటి సర్వీసు నంబర్లతో జాబితా రాసి సెక్షన్ ఏఈకి ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి. రేపు ఏదైనా జరిగితే 'మాకు తెలియదు' అనే మాట వాళ్ల నోట రాకూడదు. కరెంటు ఉచితంగా తెచ్చుకున్నది పంట పండించి బతకడానికి. ఆ కరెంటు ప్రాణం తీయకుండా రావడం కూడా మన హక్కే.